ఎడ్మంటన్‌లో పది సెంట్ల బహుమతి

6 కారణాంకాల్లో 6ని పక్కనపెట్టి మిగిలిన 1, 2, 3 కలిపితే మళ్ళీ 6 వస్తుంది. ఇలాంటివి పరిపూర్ణ సంఖ్యలని, 28 కూడా అలాంటిదేనని బళ్ళో చెప్పే ఉంటారు. 2024 నాటికి 52 దొరికాయి. కొత్తది దొరికితే పేపర్లో వార్త. వీటికి ఒక చెల్లెలి వరస ఉంది. దాని వెనకున్నది మన గుంటూరు జిల్లా మనిషి.

మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు 1921లో యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోనూ, తిరుపతిలోనూ, తర్వాత అమెరికాలో మిస్సోరిలోనూ పనిచేసి 1963లో ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వచ్చారు. 2006లో పోయేదాకా అదే ఊరు.

1966లో వారెన్‌తో కలిసి రాసిన పేపర్లో ఆయన నియమాన్ని బిగించారు. ఉదాహరణకి 60 తీసుకోండి. దాన్ని 4తో భాగిస్తే 15. 4కీ 15కీ ఉమ్మడి కారణాంకం 1 తప్ప లేదు, కనక 4 లెక్కలోకి వస్తుంది. 2తో భాగిస్తే 30, అందులో మళ్ళీ 2 ఉంది, కనక 2 రాదు. చివరికి మిగిలేవి 1, 3, 4, 5, 12, 15, 20. కలిపి చూడండి, సరిగ్గా 60! పాపం 28 ఇక్కడ తప్పుతుంది. ఇలాంటి కారణాంకాలని 1931లోనే పరిశీలించింది సుబ్బారావు గారి గురువు వైద్యనాథస్వామి. వీటికి యూనిటరీ అన్న పేరు తర్వాత వచ్చింది.

మామూలు పరిపూర్ణ సంఖ్యల్లో బేసిది ఉందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఇక్కడ మాత్రం బేసివి లేవని ఆ పేపర్లోనే తేల్చేశారు. దొరికినవి నాలుగు: 6, 60, 90, 87,360. ఇవి ఎక్కడో ఒకచోట అయిపోతాయని సుబ్బారావు గారి ఊహ.

ఐదోదాన్ని చార్లెస్ వాల్ పట్టుకున్నాడు, 24 అంకెలది:

1,46,36,19,46,18,64,58,56,25,60,000

మధ్యలో ఇంకోటి లేదని కూడా 1975లో నిరూపించాడు. దీని లోపలి కథ అప్పుల చిట్టాలా ఉంటుంది. ఇందులో 2 పద్దెనిమిదిసార్లు ఉంది. ఆ పద్దెనిమిది రెళ్ళ లబ్ధానికి 1 కలిపితే 2,62,145, అంటే 5×13×37×109. కాబట్టి ఈ నాలుగూ సంఖ్యలో ఉండి తీరాలి. 5 నాలుగుసార్లుంది, 625కి 1 కలిపితే 626, అది 313ని లాక్కొస్తుంది. 313కి 1 కలిపి 2తో భాగిస్తే 157, 157కీ అలాగే చేస్తే 79. 79కి కలిపితే 80, అందులో 2లూ 5 మాత్రమే. అక్కడ ఆ గొలుసు ఆగుతుంది. అన్నీ కూడితే 2లు పంతొమ్మిది, కావలసినదీ అంతే! ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా మొత్తం కూలిపోయేది. నాకు ఇది చూసిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ సంఖ్యలకి అంతుందా లేదా అన్నది తేలిస్తే పది డాలర్లని కార్లిట్జ్, ఎర్డోష్, సుబ్బారావు గార్లు ప్రకటించారు. కొత్త సంఖ్య ఒక్కోదానికి పది సెంట్లు మాత్రం సుబ్బారావు గారి సొంత బహుమతి. పక్క ఊరు కాల్గరీలో ఉన్న రిచర్డ్ గై తన పుస్తకంలో ఈ సంగతి రాసిపెట్టాడు.

ఆరోది ఇంకా దొరకలేదు.