లివర్‌వర్ట్‌లు, మాస్ మొక్కలు

లివర్‌వర్ట్‌లు, మాస్‌లు నాళికా కణజాలం పెద్దగా ఎదగని చిన్న ఆకుపచ్చ నేల మొక్కలు. హార్న్‌వర్ట్‌లతో కలిపి వీటిని బ్రయోఫైట్లు అంటారు. వీటికి వేర్లు, పువ్వులు, విత్తనాలు ఉండవు, సిద్ధబీజాలతో వ్యాపిస్తాయి. ప్రపంచంలో సుమారు 20,000 బ్రయోఫైట్ జాతులున్నాయి. వాటిలో దాదాపు 12,000 మాస్‌లు, 7,000కు పైగా లివర్‌వర్ట్‌లు, 200 పైచిలుకు హార్న్‌వర్ట్‌లు. తెలుగులో నాచు, పాచి అనే మాటలను వీటికీ, నీటిలో పెరిగే శైవలాలకూ కూడా వాడతారు. కానీ రెండూ ఒకటి కావు. బ్రయోఫైట్లలో ఫలదీకరణ చెందిన అండం తల్లిమొక్కలోనే ఉండి పిండంగా ఎదుగుతుంది. శైవలాల్లో అలాంటి పిండం ఏర్పడదు.

జీవిత చక్రం

మొక్కల జీవితంలో రెండు తరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒకటి ఒకే క్రోమోజోమ్ సమితి ఉన్న సంయోగబీజదం, రెండోది రెండు సమితులున్న సిద్ధబీజదం. ఈ తరాల ఏకాంతరణను 1851లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హాఫ్‌మైస్టర్ వివరించాడు. ఫెర్న్‌లలోనూ పూల మొక్కల్లోనూ మనకు కనిపించే మొక్క సిద్ధబీజదం. బ్రయోఫైట్లలో పచ్చగా పరుచుకునే మొక్క సంయోగబీజదం. సిద్ధబీజదం జీవితాంతం దాన్నే అంటిపెట్టుకుని నీరు, ఆహారం పొందుతుంది.

పురుష బీజాశయం నుంచి వెలువడే పురుషబీజానికి రెండు కశాభాలు ఉంటాయి. అది వాన నీటిలోనో మంచు పొరలోనో ఈదుకుంటూ అండాన్ని చేరాలి. నీరు లేకుంటే ఫలదీకరణ లేదు. అందుకే ఈ మొక్కలను వృక్షరాజ్యపు ఉభయచరాలు అంటారు. ఫలదీకరణ తర్వాత ఏర్పడే సిద్ధబీజదంలో సాధారణంగా పాదం, కాడ, గుళిక అనే మూడు భాగాలు ఉంటాయి. గుళికలో క్షయకరణ విభజన జరిగి సిద్ధబీజాలు తయారవుతాయి.

నిర్మాణం, వైవిధ్యం

కొన్ని లివర్‌వర్ట్‌లలో దేహం నేలకు అతుక్కుని పరుచుకునే పలక, అంటే థాలస్. మార్కాన్షియా, రిక్సియా ఇలాంటివి. మార్కాన్షియా థాలస్‌ మీద చిన్న గిన్నెల్లాంటి నిర్మాణాల్లో జెమ్మాలు పుడతాయి. వాన చినుకు పడితే అవి చెదిరి పక్కన పడి కొత్త మొక్కలవుతాయి. అయితే ఎక్కువ లివర్‌వర్ట్ జాతులకు కాండం, ఆకుల వంటి భాగాలు ఉంటాయి. ఆ ఆకులు రెండు మూడు వరుసల్లో అమరి, మధ్య ఈనె లేకుండా ఉంటాయి. ఎక్కువ మాస్‌లలో ఆకులు కాండం చుట్టూ సర్పిలంగా అమరి, చాలావాటికి మధ్య ఈనె ఉంటుంది. లివర్‌వర్ట్‌ల మూలతంతువులు ఏకకణయుతాలు, మాస్‌లవి బహుకణయుతాలు. మాస్ సిద్ధబీజం మొలకెత్తితే ముందుగా దారంలాంటి ప్రథమతంతువు పుడుతుంది. దానిమీది మొగ్గల నుంచి మొక్కలు లేస్తాయి.

సిద్ధబీజాలను వెదజల్లే పద్ధతిలో తేడా మరింత స్పష్టం. లివర్‌వర్ట్‌ గుళిక ముందు పండి, తర్వాతే మెత్తని కాడ పొడవు సాగుతుంది, కొద్దిరోజుల్లో వాడిపోతుంది. లోపల ఎలేటర్లు అనే సర్పిలాకార కణాలు తడి ఆరినప్పుడు మెలి తిరిగి సిద్ధబీజాలను విదిలిస్తాయి. మాస్‌లలో కాడ ముందే పెరిగి గట్టిపడుతుంది. చాలా మాస్‌ల గుళిక నోటి చుట్టూ దంతాలుంటాయి. ఫ్యునేరియాలో పదహారేసి దంతాల వరుసలు రెండు. గాలిలోని తేమను బట్టి అవి కదులుతూ సిద్ధబీజాలను కొంచెం కొంచెంగా వదులుతాయి.

నీటితో సంబంధం

వీటి పరిమాణాన్ని నిర్ణయించేది నీరే. దారువు లేనందున ఎక్కువ మాస్‌లు కొద్ది సెంటీమీటర్లు దాటవు. నీటిని మోసే ప్రత్యేక కణాలున్న డాసోనియా సుపర్బా మాత్రం అర మీటరు వరకు పెరుగుతుంది. చాలా జాతులు ఒంటి మీదుగానే నీరు పీల్చుకుని, ఎండలో పూర్తిగా ఎండి, మళ్లీ తడి తగలగానే పచ్చబడతాయి. వేసవిలో నల్లబడిన పాత గోడల మీది మాస్ తొలకరికి తేరుకోవడం ఇందువల్లే. అంటార్కిటికా ప్రాంతంలోని సిగ్నీ దీవిలో 1,500 ఏళ్లకు పైగా గడ్డకట్టిన నేలలో ఉన్న మాస్ తిరిగి చిగురించిందని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

స్పాగ్నమ్ మాస్ ఆకుల్లోని ఖాళీ మృతకణాలు మొక్క ఎండు బరువుకు దాదాపు 20 రెట్లు నీటిని పట్టి ఉంచగలవు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని గాయాల కట్లకు వాడారు. ఇది తన చుట్టూ ఆమ్లత్వాన్ని పెంచడం వల్ల చచ్చిన మొక్కలు త్వరగా కుళ్లక పీట్‌గా పేరుకుంటాయి. భూమ్మీది నేలలో సుమారు 3 శాతమే ఉన్న పీట్ భూముల్లో, నేల కార్బన్‌లో మూడో వంతు దాకా నిల్వ ఉందని అంచనా. ఉత్తరార్ధగోళంలో ఆ నిల్వకు ప్రధాన ఆధారం స్పాగ్నమ్.

పరిణామం

నేల మొక్కల తొలి ఆనవాళ్లు సుమారు 47 కోట్ల ఏళ్ల నాటి సిద్ధబీజ శిలాజాలు. గుర్తించదగిన లివర్‌వర్ట్ శిలాజాల్లో ప్రాచీనమైనది, న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన మెట్జ్‌గెరియోథాలస్, 38 కోట్ల ఏళ్లకు పైబడినది. లివర్‌వర్ట్‌లకు పత్రరంధ్రాలు లేకపోవడంతో వాటినే నేల మొక్కలన్నిటిలో మొదట విడిపోయిన శాఖగా చాలాకాలం భావించారు. ఇటీవలి జన్యు పరిశోధనల్లో అత్యధికం మాస్‌లు, లివర్‌వర్ట్‌లు అతి దగ్గర బంధువులని, బ్రయోఫైట్లు నాళికా మొక్కలకు పూర్వీకులు కాక సోదర శాఖ అని చూపుతున్నాయి. అలాగైతే లివర్‌వర్ట్‌లు పత్రరంధ్రాలను తర్వాత కోల్పోయి ఉండాలి.

పైరూపం దారి తప్పించగలదనడానికి హిమాలయాల్లోనూ పెరిగే టకాకియా మంచి ఉదాహరణ. 1958లో లివర్‌వర్ట్‌గా వర్ణితమైన ఆ మొక్క, 1990ల్లో సిద్ధబీజదాలు దొరికాక మాస్ అని తేలింది. భారత బ్రయోఫైట్ శాస్త్ర పితామహుడు శివరామ్ కశ్యప్ (1882–1934) సరళమైన థాలస్ రూపాలు సంక్లిష్ట రూపాల నుంచి క్షీణించి వచ్చాయని వాదించాడు. పాదం, కాడ లేకుండా గుళిక మాత్రమే మిగిలిన రిక్సియా నేటి వంశవృక్షంలో మార్కాన్షియా బంధువుల నడుమనే ఉంది. దాని సరళత ప్రాచీనతకు గుర్తు కాదు, తర్వాత వచ్చిన మార్పు.