పొయ్యికి పొగగొట్టం వచ్చిన కథ



మీ వంటింటి పైకప్పు వంక ఒకసారి తల యెత్తి చూడండి. పాత ఇల్లయితే వాసాలూ, దూలమూ తారు పూసినట్టు నల్లగా వుంటాయి. అది తాతలనాటి మసి. గోడకు సున్నం కొట్టిస్తే గోడ తెల్లబడుతుంది గాని ఆ వాసం తెల్లబడదు. ఆ మసి పుట్టిన పొయ్యి ముందర మన తల్లులు, అమ్మమ్మలు రోజుకు మూడు నాలుగు గంటలు కూర్చున్నారు. వాసానికి పట్టినదే వారి ఊపిరితిత్తులకున్నూ పట్టింది. ఆ పొగను ఇంట్లోనుంచి బయటికి పంపాలని మన దేశంలో డెబ్బై యేళ్ళకు పైగా ప్రయత్నాలు జరుగుతూ వచ్చాయి. వాటిలో తొలినాటిది ఒకటి మన హైదరాబాదులోనే మొదలయింది. ఆ ప్రయత్నం యెక్కడ గెలిచింది, యెక్కడ ఓడింది, యెందుకు ఓడింది అన్నదే ఇప్పుడు మీకు చెప్పబోయే సంగతి.

ముందుగా ఒక మాట. మన పాత పొయ్యి తెలివితక్కువది కాదు. మూడు గడ్డలు పెట్టి మట్టి మెత్తిన పెద్దపొయ్యి, దాని ప్రక్కనే కోడిపొయ్యి. పెద్దపొయ్యి మీద అన్నం వుడుకుతూ వుంటే, మిగిలిన సెగ కోడిపొయ్యిలోకి పోయి పప్పునో పాలనో కాస్తుంది. ఆ వెనక పొంతలో వేణ్ణీళ్ళు. ఒక మంటతో మూడు పనులు! పైగా ఆ పొయ్యి యేది పెడితే అది తింటుంది. కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె, తాటాకు, పిడకలు, యేదయినా సరే. బారెడు కట్టెనయినా నరకనక్కరలేదు, కొన అంటించి మెల్లగా లోపలికి తోస్తూ పోవచ్చు. పొగవల్ల కూడా లాభం లేకపోలేదు. పొయ్యి పైన వాసాలకు కట్టిన విత్తనపు కంకులకు పురుగు పట్టదు, ఇంటి కప్పు చివకదు. ఇవన్నీ ఆడవారికి తెలుసు. తరవాత వచ్చిన పెద్దలు కొందరికి తెలియలేదు. కథంతా అక్కడే వున్నది.

ఇక లోపం సంగతి. కట్టెలో వున్న వేడిలో నూటికి పది పాళ్ళ ప్రాంతమే పాత పొయ్యి మీద కుండకు చేరుతుందని తరవాతివారు లెక్క కట్టారు. మిగతాది గాలిలోకి, గోడలకు, వంట చేసే మనిషి మొగానికి. పొగ అంటే కాలీ కాలని కట్టె. అంటే కాలవలసిన వంటచెరకే కంటిలో పడుతున్నదన్నమాట.

1934లో వార్ధాలో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘం యేర్పడింది. శ్రీ జె.సి. కుమారప్పగారు దాని కార్యదర్శి. గానుగ, దంపుడు బియ్యం, తేనెటీగలు, కాగితం తయారీ ఇత్యాది పల్లె పనులన్నిటినీ వారు పరిశీలనకు తీసుకున్నారు. ఆ సంఘం పనిచేసిన చోటికి మగన్‌లాల్ గాంధీగారి పేరిట మగన్‌వాడి అని పేరు. ఆయన పేరు మీదుగానే 1947లో అక్కడినుంచి మగన్ చూల్హా అనే పొయ్యి వచ్చింది. మట్టితోనే కట్టిన మూసిన పొయ్యి అది. ఒక మంట మీద ఒకటికి మించి కుండలు పెట్టవచ్చు. చివర పొగ పోవడానికి గొట్టం. మన కోడిపొయ్యికి మూతవేసి, తోక తగిలించినట్టు వుంటుంది.

హైదరాబాదులో ఇంజనీరింగ్ పరిశోధనాలయం వుండేది. ఆ పేరు వింటే ఆనకట్టలు, వంతెనలు గుర్తుకు వస్తాయి గాని పొయ్యి గుర్తుకు రాదు గదా! కాని అక్కడ డాక్టరు ఎస్.పి. రాజుగారు వంటింటి పొయ్యిని ఇంజనీరు కంటితో చూశారు. కోట్లాది జనానికి పొగలేని వంటిళ్ళు కావాలని చెప్పే చిన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి వ్రాశారు. అది 1953లో మద్రాసులో అచ్చయింది. ఆ పరిశోధనాలయం పేరులోని ఇంగ్లీషు తొలి అక్షరాలను కలిపి ఆ పొయ్యిని హెర్ల్ చూల్హా అన్నారు. పొగ, మసి, వేడి, కట్టె వృథా, అగ్నిభయం, ఈ ఐదింటి నుంచి ఇల్లాలికి విముక్తి కలగాలన్నది ఆయన ఆశయం.

ఈ పొయ్యి యెట్లా పనిచేస్తుందో కాస్త చెప్పుకుందాము. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. నిలువు గొట్టం నిండా వేడిగాలి వుంటే అది పైకి లేస్తూ వెనకనుంచి పొయ్యిలోని గాలిని గుంజుతుంది. పొయ్యినోటి నుంచి కొత్తగాలి లోపలికి వస్తుంది. ఊదుడుగొట్టం అక్కర లేకుండానే మంట మండుతుంది. పోయే దారిలో ఆ సెగ రెండవ కుండకు, మూడవ కుండకు తగులుతుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు వున్నది. గొట్టం మరీ గట్టిగా గుంజితే కట్టె బుగబుగమని కాలిపోతుంది, సెగ కుండను తాకకుండానే ఆకాశానికి పోతుంది. గొట్టం చాలకపోతే పొగ తిరిగి ఇంట్లోకి తంతుంది. అందుకని దారిలో రేకుబిళ్ళను అడ్డం పెట్టారు. మంట రాజుకునేటప్పుడు బిళ్ళ తెరవాలి, రాజుకున్న తరవాత కొంచెం మూయాలి.

కాగితం మీద బాగానే వున్నది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయిన తరవాత పొగలేని పొయ్యిలు బ్లాకులలోకి వచ్చాయి. గ్రామసేవికలు ఇంటింటికీ పోయి మట్టి కలిపి కట్టించి చూపారు. పాపం, వారు పడిన శ్రమ తక్కువది కాదు.

తరవాత యేమయింది? ఒక ఇంటిని తలచుకోండి. కొత్త పొయ్యి కట్టారు. మొదటి వారం చుట్టుప్రక్కల అమ్మలక్కలంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. రెండవ వారం ఇల్లాలు పొయ్యి అలకబోతే రేకుబిళ్ళ చేతికి అడ్డం వచ్చింది. వేడికి వంగిపోయి కదలటం లేదు, లాగి అవతల పారేసింది. పొయ్యినోరు చిన్నది, అత్తగారి పెద్ద కట్టె దూరదు. కట్టెలు జానెడు జానెడు ముక్కలు నరకాలి. యెవరు నరుకుతారు? నరకవలసినవాడు పొలంలో వున్నాడు, సాయంత్రం వస్తే రచ్చబండ దగ్గర వున్నాడు. ఇక ఆమె యేమి చేస్తుంది? గునపంతో పొయ్యినోరు పెద్దది చేసుకున్నది. పండుగకు చుట్టాలు వచ్చారు, పెద్ద గుండిగ పెట్టాలి. గుండిగ ఆ కన్నం మీద కూర్చోదు, అందుకని దాన్నీ పెద్దది చేసింది. రెండవ కన్నం మీద కుండ లేనప్పుడు మూత పెట్టాలని యెవరూ చెప్పలేదు. అక్కడినుంచి పొగ పైకి తన్నింది. ఆరు నెలలకు సెగ పోయే దారిలో బూడిద నిండింది. పచ్చికట్టె వాడిన చలిరోజుల్లో గొట్టం లోపల జిడ్డుమసి గడ్డకట్టింది. వానాకాలంలో గొట్టం పెట్టినచోట కప్పులోనుంచి నీళ్ళు కారి పొయ్యి తడిసింది. మగవాడు విసుక్కుని గొట్టం పీకి, ఆ కన్నానికి గడ్డి కుక్కాడు. మరునాటినుంచి పాత పొయ్యే.

ఇందులో ఆ ఇల్లాలి తప్పు యెక్కడున్నది? ఆమె చేసిన ప్రతి మార్పుకూ కారణం వున్నది. కాని ఆమె పాత్రలు యెంతెంతవి, ఆమె యింట్లో కాలేది యే కట్టె అని కట్టకముందు అడిగినవారు బహు కొద్దిమంది. పరిశోధనశాలలో యెండిన ముక్కలతో, కొలతకు సరిపోయిన పాత్రతో పరీక్ష చేసిన పొయ్యి అది. పల్లెకు వచ్చేటప్పటికి కొలతలు మారిపోయాయి. కొలత మారితే పొగలేని పొయ్యి పాతదానికంటే యెక్కువ కట్టె తినడం కూడా కద్దు. కట్టెల కరువుకంటే ఓపిక కరువు యెక్కువ నష్టం చేసిందని నా అభిప్రాయం.

1970 తరవాత గాలి మారింది. అడవులు పోతున్నాయి, కట్టె దొరకదు అన్న భయం లోకమంతా పుట్టింది. అంతవరకూ పొగ కోసం కట్టిన పొయ్యిని ఇప్పుడు కట్టె పొదుపు కోసం కట్టసాగారు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో 1974లో ఆస్త్ర అనే గ్రామసాంకేతిక విభాగం పెట్టారు. వారు మూడు పాత్రల ఆస్త్ర ఒలె తయారు చేశారు. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. అడుగున ఇనుప జల్లెడ, నోటికి మూత, కొలత తప్పకుండా కట్టే మేస్త్రీ, ఈ మూడూ వుంటే అది చక్కగా పనిచేస్తుంది. మూడవది దొరకడమే కష్టం.

చండీగఢ్ దగ్గర నాడా అనే పల్లెలో 1980 ప్రాంతంలో వాస్తుశిల్పి మధు సరీన్‌గారు వేరే దారి పట్టారు. పొయ్యి కట్టే పని ఆ వూరి స్త్రీలకే నేర్పారు. ఇంట్లో వున్న పాత్రనుబట్టి కన్నం, వాడే కట్టెనుబట్టి నోరు. కట్టినామె వూళ్ళోనే వుంటుంది గనుక చెడితే పిలిచి బాగు చేయించుకోవచ్చు. ఇప్పటికీ ఈ పనికి దిగేవారు ముందుగా తెలుసుకోవలసినది ఈ నాడా కథే.

1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ఆరంభించింది. మట్టిపొయ్యి నూటికి కనీసం 20 పాళ్ళ వేడినయినా పాత్రకు అందివ్వాలని నియమం పెట్టారు. మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్లు లెక్కలు వ్రాశారు. 2002లో కేంద్రం ఆ పనిని రాష్ట్రాలకు వదలివేసింది. లెక్కలో వ్రాసినది పెట్టిన పొయ్యి, మండుతున్న పొయ్యి కాదు. విస్తరణ ఉద్యోగులు ఈ మాటకు నొచ్చుకోవద్దు. లక్ష్యం పైనుంచి వస్తుంది, మార్చి నెలాఖరు దగ్గరపడుతుంది, వారు మాత్రం యేమి చేస్తారు? ఆ రోజుల్లో చాలాచోట్ల ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలు బిగించారు. మీ ఇంట్లో అటువంటిది ఇంకా వుంటే కోయవద్దు, పగలగొట్టవద్దు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఈలోగా పొగ యెంత హాని చేస్తుందో కొలిచి చూడడం మొదలయింది. 1981లో కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త, మన శాస్త్రవేత్తలు కలిసి గుజరాతు పల్లెల్లో వంట చేసే స్త్రీలకు చిన్న యంత్రం తగిలించి, వారు పీల్చే ధూళిని తూచారు. తరవాత మన నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 400 ఇళ్ళకు పైగా కొలిచారు. 2004లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఇరవైనాలుగు గంటల సగటున గ్యాసు ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాముల సన్నధూళి వుంటే, కట్టెలు, పిడకలు కాల్చే ఇళ్ళలో అది 732 దాకా పోయింది. పదిరెట్లు! పొగ కంటికి మంచిదనీ, అలవాటయితే యేమీ చేయదనీ అనే పెద్దలకు ఈ లెక్క చెప్పండి.

మరి పొగగొట్టం పెడితే చాలునా? ఒరిస్సాలో సుమారు 2,600 కుటుంబాలను నాలుగేళ్ళు గమనించి చూశారు. మొదటి యేడు వంట చేసేవారు పీల్చే పొగ కొంత తగ్గింది. ఆ తరవాత ఆ తేడా కనబడలేదు. కట్టె ఖర్చూ తగ్గలేదు. పొయ్యి వాడకం సన్నగిల్లింది, చెడినవాటిని బాగు చేసుకోలేదు. 1953 నాటి పొయ్యికి పట్టిన గతే మళ్ళీ పట్టింది.

పొగను నిజంగా తగ్గించినది గ్యాసు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం క్రింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 80కి పైగా, తెలంగాణలో 90కి పైగా కుటుంబాలు వంటకు ప్రధానంగా గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనమే వాడుతున్నట్లు తేలింది. దేశం మొత్తం మీద పల్లెల్లో మాత్రం అది ఆ సర్వే నాటికి 43 దగ్గరే వుండేది. ఇంట్లో గ్యాసు వున్నా దొడ్లో కట్టెపొయ్యి పోలేదు. స్నానానికి వేణ్ణీళ్ళు, గొడ్లకు కుడితి, పండుగ పిండివంటలు అక్కడే. సిలిండరు అయిపోతే అన్నం కూడా అక్కడే. వంటకు గ్యాసు వున్నవారు గ్యాసే వాడాలి, అందులో సందేహం లేదు. ఆ దొడ్డిపొయ్యికయినా ఒక గొట్టం పెట్టుకుంటే మంచిదే.

పెట్టేవారు ఈ సంగతులు చూసుకోండి. గొట్టం ఇంటి కొప్పు దాటి పైకి వుండాలి, వంపులు వద్దు. తాటాకుకు గాని గడ్డికి గాని గొట్టం తగలకూడదు, నడుమ మట్టికట్టు వుండాలి. పైన వానటోపీ. అడుగున మట్టిముద్దతో మూసే కన్నం ఒకటి వుంచితే మసి దులపడానికి వీలు. నెలకొకసారి మసి, వారానికొకసారి దారిలోని బూడిద తీయాలి. కట్టె చూరు క్రింద యెండాలి. నరికే పని యెవరిదో గొట్టం కొనకముందే ఇంట్లో తేల్చుకోండి. విత్తనపు కంకులకు పొగ లేదని బెంగపడవద్దు. బాగా యెండబెట్టి, వేపాకు వేసి మూతగట్టి పెట్టినా నిలవ వుంటాయి.

విస్తరణ ఉద్యోగులకు ఒక విన్నపం. పొయ్యి పెట్టించినరోజు ఫోటో తీసుకుని వచ్చేయవద్దు. ఒక వానాకాలం గడిచిన తరవాత మళ్ళీ ఆ ఇంటికి పోండి. గొట్టం వున్నదా అని అడగవద్దు. పొయ్యి చల్లగా వున్న వేళ చూసి, అమ్మా అని పిలిచి అనుమతి తీసుకుని, రెండవ కుండ యెత్తి ఆ దారిలోకి చెయ్యి పెట్టి చూడండి. మణికట్టు దాకా బూడిద తగిలితే, ఆ పొయ్యి మానేసి చాలాకాలమయినట్టే. అప్పుడు అక్కడే కూర్చుని, యెందుకు మానేశావమ్మా అని ఆమెనే అడగండి.