పాటలో వెళ్ళిపోయిన అమ్మాయి

2008లో, ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో, ఒక క్లాస్‌మేట్ నన్ను ప్రేమిస్తున్నానన్నాడు. నేను కాదన్నాను. పెద్ద గొడవేం జరగలేదు. ఆ రాత్రి జీటాక్ తెరిస్తే అతని పేరు కింద స్టేటస్‌లో ఒక పాట లైను కనిపించింది. తనని వదిలేసి వెళ్ళిపోయిన అమ్మాయి మీద ఒక కుర్రాడు కసిగా అరిచే లైను. ఆ పాట నాకు బాగా తెలుసు. అతని దగ్గరున్న ఎంపీత్రీ సీడీలో నాలుగో పాట. ఆ సీడీ బర్న్ చేసి ఇచ్చింది నేనే.

అప్పటికి మూడేళ్ళుగా అది నా పాట అనుకుంటూ వచ్చాను. బాత్రూంలో, సిటీ బస్సులో మనసులోనే, పరీక్ష ముందు రాత్రి హాస్టల్ మేడ మీద, ఎక్కడ పాడుకున్నా అందులో ‘నేను’ అంటే నేనే. ఆ పాటలో నా కోసం వేరే చోటు ఒకటి సిద్ధంగా ఉందని ఆ రాత్రే తెలిసింది. అందులో నేను ‘ఆమె’ని.

ఇది పాప్-పంక్ అనే సంగీతం గురించిన చిన్న చరిత్ర. దాన్ని ఇరవయ్యేళ్ళుగా వింటూ, మానేస్తూ, మళ్ళీ వింటూ ఉన్న ఒక శ్రోత చరిత్ర కూడా. రెండిటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

*

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పంక్ అంటే వేగం, మూడు నాలుగు కార్డ్స్, గరుకు గిటార్, పెద్దగా సంగీతం రాకపోయినా స్టేజీ ఎక్కేసే తెగువ. దాని మీద ఒకసారి వింటే నోట్లో నానే ట్యూన్ పెడితే పాప్-పంక్. 1974లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మొదలైన రామోన్స్ బ్యాండ్‌లోనే ఈ రెండూ కలిసే ఉన్నాయి. 1976లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలుంటే, అన్నీ కలిపి అరగంట కూడా ఉండవు. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దగ్గర బజ్‌కాక్స్ అనే బ్యాండ్ పుట్టింది. 500 పౌండ్లు అప్పు చేసి, తమ మొదటి రికార్డుని తామే రికార్డు చేసుకుని, 1977 జనవరిలో తామే విడుదల చేసుకున్నారు. బజ్‌కాక్స్ దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను. ఎందుకంటే వినడంలో కూడా నేను వాళ్ళ దగ్గరికి చివర్లోనే వచ్చాను.

నాకు ఇదంతా 2005 ఎండాకాలంలో, ఇంటర్ పరీక్షలయ్యాక, మా పెదనాన్నగారి అబ్బాయి ఇచ్చిన సీడీతో మొదలైంది. సీడీ మీద మార్కర్‌తో ‘రాక్’ అని మాత్రమే రాసుంది. లోపల నూట పాతిక పాటలు, సగానికి పేర్లు తప్పు. యాస అర్థమయ్యేది కాదు. నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలిచ్చి లిరిక్స్ ప్రింట్ తీసుకుని, ఫిజిక్స్ నోట్సులో పెట్టుకుని చదివేదాన్ని. ఆ కుర్రాళ్ళందరికీ వాళ్ళ ఊరంటే విసుగు. బోరు కొట్టే కాలనీలు, పార్కింగ్ లాట్లు, అర్థం చేసుకోని పెద్దవాళ్ళు. మా కాలనీలో ఎవరికీ విసుగు పడే తీరికే లేదు. ఎంసెట్ ర్యాంకు ఎంత అనే తప్ప ఇంకో మాట లేదు. అయినా ఆ పాటలు వింటుంటే, విసుక్కునే హక్కు నాక్కూడా ఉందనిపించేది. పదిహేడేళ్ళ అమ్మాయికి అది తక్కువ సంగతి కాదు.

ఆ ధైర్యంలో ఒక వెసులుబాటు మన భాష కూడా ఇచ్చిందని చాలా తర్వాత తట్టింది. తెలుగులో ‘నేను వెళ్ళాను’ అంటే చెప్పేది ఆడో మగో తెలియదు. ‘నువ్వు వెళ్ళావు’ అన్నా అంతే. హిందీలో నోరు తెరిస్తే క్రియతోనే తెలిసిపోతుంది. కాబట్టి ఆ పాటల్ని మనసులో తెలుగు చేసుకుంటున్నప్పుడు, కాలిఫోర్నియా కుర్రాడి ‘నేను’లోకి దూరడం నాకు చాలా తేలికైంది. కానీ ‘ఆమె’ దగ్గర తెలుగు అంత ఉదారంగా ఉండదు. అతను వెళ్ళిపోయాడు. బస్సు వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిపోయింది. చూశారా, ఆమెకీ బస్సుకీ ఒకటే క్రియ.

*

పాప్-పంక్‌లో ఆమె ఎప్పట్నుంచి బస్సైపోయింది? జీటాక్ సంగతి తర్వాత కొన్నేళ్ళు ఆ పాటలు వినలేదు గానీ, వాటి గురించి చదవడం మానలేదు. చదివినకొద్దీ ఇది మొదట్నుంచీ ఇలా లేదని తెలిసింది.

1982లో కాలిఫోర్నియా బ్యాండ్ డిసెండెంట్స్ ‘మైలో గోస్ టు కాలేజ్’ ఆల్బమ్ తెచ్చారు. పేరులో తమాషా ఏం లేదు, గాయకుడు మైలో ఆకర్మన్ నిజంగానే కాలేజీకి వెళ్ళిపోతున్నాడు. బయాలజీ చదివి, డాక్టరేట్ చేసి, సైంటిస్టయ్యాడు. మన ఇళ్ళలో ఇలాంటి పంక్ అయితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆ ఆల్బమ్‌లో కళ్ళద్దాల కుర్రాడి ఏడుపుంది. నన్ను కాదని ఇంకొకణ్ణి ఎంచుకున్నావు, ఎప్పటికైనా నా విలువ తెలిసొస్తుంది అనే బాణీ. తర్వాత వచ్చిన వందల పాటలకి విత్తనం అక్కడుంది.

అదే కాలిఫోర్నియాలో ఇంకో విత్తనం కూడా ఉంది. 1986 డిసెంబర్ 31న బర్క్‌లీలో 924 గిల్మన్ స్ట్రీట్ అనే క్లబ్ మొదలైంది. నడిపేది వలంటీర్లు. ఏ వయసువాళ్ళయినా రావచ్చు. మందు లేదు, డ్రగ్స్ లేవు, కొట్లాటలు లేవు. జాతి వివక్ష, స్త్రీల పట్ల వివక్ష, స్వలింగ సంపర్కుల పట్ల ద్వేషం కుదరవని గోడ మీదే రాసిపెట్టారు. గ్రీన్ డే అక్కడ పెరిగిన బ్యాండ్. పెద్ద కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్లకి గిల్మన్‌లో చోటు లేదు కాబట్టి, రిప్రైజ్ కంపెనీలో చేరగానే గ్రీన్ డేకీ తలుపులు మూసుకుపోయాయి. 1994 ఫిబ్రవరిలో వచ్చిన ‘డూకీ’ ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడుపోయింది. వాళ్ళు మళ్ళీ గిల్మన్ స్టేజీ ఎక్కింది 2015లో, ఒక సహాయ నిధి కచేరీ కోసం.

తలుపులు మూసుకున్నా గోడ మీది రాతల్ని గ్రీన్ డే మర్చిపోలేదనిపిస్తుంది. డూకీలో ‘కమింగ్ క్లీన్’ అనే పాట, తను బైసెక్సువల్ అని తెలుసుకుంటున్న కుర్రాడిది. గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ స్వానుభవమే అది. 1994 టూర్‌లో, కిక్కిరిసిన హాళ్ళలో, తమకంటే ముందు పాడటానికి పాన్సీ డివిజన్‌ని తీసుకెళ్ళారు. వాళ్ళు బాహాటంగా గే బ్యాండ్. ఎంటీవీ చూసి వచ్చిన కుర్రాళ్ళలో కొందరు అరిచారు, వస్తువులు విసిరారు. పాన్సీ డివిజన్ పాడుతూనే ఉంది. నా సీడీలో డూకీ పాటలు ఆరున్నాయి. ఈ కథ మాత్రం దాంతోపాటు రాలేదు.

*

1999 జూన్‌లో బ్లింక్-182 వాళ్ళ ‘ఎనీమా ఆఫ్ ద స్టేట్’ వచ్చింది. కవర్ మీద నర్సు వేషంలో, చేతికి గ్లవ్ తొడుక్కుంటున్న అమ్మాయి. పాటలు అద్భుతం, ఇప్పటికీ ఆ మాటే అంటాను. మెరుగుపెట్టిన గిటార్లు, ట్రావిస్ బార్కర్ డ్రమ్స్, మళ్ళీ మళ్ళీ వచ్చే హుషారైన పల్లవులు. నిర్మాత జెర్రీ ఫిన్ అంతకుముందు డూకీని మిక్స్ చేసినవాడే. అదే పరికరాలతో కట్టిన ఇంకో ఇల్లన్నమాట. ఈ ఇంట్లో మగపిల్లలుంటారు, ఆడపిల్లలు వచ్చి పోతుంటారు. తర్వాతి ఐదారేళ్ళలో వచ్చిన బ్యాండ్లు, ముఖ్యంగా ఇమో వైపు వెళ్ళినవి, హాస్యాన్ని తగ్గించి కసిని పెంచాయి. వెళ్ళిపోయిన అమ్మాయికి శాపాలు మొదలయ్యాయి. ఆమె కారు పల్టీ కొట్టాలని, ఆమె ఒంటరిగా మిగలాలని. నా సీడీలో నాలుగో పాట ఆ కాలానిదే.

ఇదంతా నాకొక్కదానికే అనిపించిందేమో అనుకునేదాన్ని. 2015లో ఆఫీస్ క్యాబ్‌లో, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కూర్చుని, జెసికా హాపర్ వ్యాసాల పుస్తకం చదివాను. అందులో 2003లో ‘పంక్ ప్లానెట్’ పత్రికకి రాసిన వ్యాసం ఒకటుంది. ఇమోలో ఆడపిల్లలు ఎక్కడున్నారు అన్నది దాని ప్రశ్న. ఈ పాటల్లో ఆడవాళ్ళకి పేర్లు లేవు, బతుకు వివరాలు లేవు, మగవాడికి గాయం చెయ్యడమే వాళ్ళ పని అంటుంది హాపర్. ఆ కచేరీల్లో ముందు వరసలో నిలబడి ప్రతి మాటా పాడే పదిహేనేళ్ళ అమ్మాయిలకి తమ గురించి ఏం అర్థమవుతుందోనని బాధపడుతుంది. నేను ఏ ముందు వరసలోనూ నిలబడలేదు. సముద్రాలకి ఇవతల, హాస్టల్ మేడ మీద నిలబడ్డాను. కానీ ఆవిడ బాధపడింది నా గురించే.

*

ఇక్కడితో ఆపేస్తే నేను బాధితురాలిగా మిగిలే కథ అవుతుంది. అది పూర్తి నిజం కాదు.

పారామోర్ బ్యాండ్ 2004లో టెనెస్సీలో మొదలైంది. గాయని హేలీ విలియమ్స్‌కి అప్పటికి పదిహేనేళ్ళు. 2005 వార్ప్డ్ టూర్‌లో, ఆడవాళ్ళ బ్యాండ్లకి వేదిక లేదని పోరాడి తెచ్చుకున్న ఒక చిన్న స్టేజీ మీద పాడారు. 2007లో ‘రయట్!’ ఆల్బమ్‌తో, అందులోని ‘మిజరీ బిజినెస్’ పాటతో ప్రపంచమంతా తెలిసిపోయారు. 2009లో, ఫైనలియర్‌లో, నన్ను మళ్ళీ ఈ సంగీతంలోకి తెచ్చింది ఆ గొంతే. ఇన్నాళ్ళకి ‘నేను’ అని పాడేది ఒక అమ్మాయి!

అయితే ఆ పాటలో ‘ఆమె’ ఇంకా ఉంది. తను ఇష్టపడిన అబ్బాయిని తన్నుకుపోయిన ఇంకో అమ్మాయి. ఆ అమ్మాయికి హేలీ ఒక బూతుమాట వాడింది. మా హాస్టల్లో ఒక సెకండియర్ అమ్మాయి ఉండేది. నాకు నచ్చిన అబ్బాయి ఆమెతో మాట్లాడేవాడు. అంతే, ఇంకేం లేదు. ఆమె వరండాలో నడిచి వెళ్తుంటే నేనూ నా రూమ్మేటూ ఆ పాట పెద్ద సౌండ్ పెట్టి, ఆ మాట దగ్గర ఇంకా గట్టిగా పాడేవాళ్ళం. ఒకరోజు ఆమె మా తలుపు దగ్గర ఆగింది. “పాట బాగుందక్కా, ఎవరిది?” అని అడిగింది.

ఏడాది కిందటే ఒక స్టేటస్ లైను చదివి రాత్రంతా నిద్రపోని దాన్ని నేను. అయినా అప్పుడు నాకు ఆ రెండూ ఒకటేనని తట్టలేదు.

హేలీకి తట్టింది. అవి తను పదిహేడేళ్ళప్పుడు రాసుకున్న మాటలని, ఇప్పుడు వాటితో ఏకీభవించనని బహిరంగంగా చెప్పింది. 2018 సెప్టెంబరులో నాష్‌విల్‌లో, ఇక చాలాకాలం ఈ పాట పాడబోమని ప్రకటించి, ఆఖరిసారి పాడారు. తమ అతిపెద్ద హిట్‌ని ఏ బ్యాండూ అంత తేలిగ్గా పక్కన పెట్టదు. నాలుగేళ్ళ తర్వాత, 2022 అక్టోబరులో, మళ్ళీ పాడటం మొదలుపెట్టారు. కొందరు దాన్ని మాట తప్పడం అన్నారు. నాకు అలా అనిపించలేదు. తప్పు తెలిశాక కూడా పాట మిగిలే ఉంటుంది, ట్యూన్ నోట్లో మెదులుతూనే ఉంటుంది. దాన్ని ఏం చెయ్యాలో తేల్చుకోడానికి ఆమెకి నాలుగేళ్ళు పట్టింది. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది.

*

2018 డిసెంబరులో బజ్‌కాక్స్ గాయకుడు పీట్ షెల్లీ చనిపోయాడు. అరవై మూడేళ్ళు. అప్పటిదాకా ఆ పేరు నాకు చరిత్రలో ఒక లైను మాత్రమే. నివాళి వ్యాసాలు చదివి, మొదటిసారి కూర్చుని వాళ్ళ పాటలు విన్నాను. ప్రేమించకూడని మనిషిని ప్రేమించడం గురించిన వాళ్ళ 1978 పాట వాళ్ళందరిలోకీ ప్రసిద్ధం. ఎడిన్‌బరోలో టీవీలో ఒక పాత మ్యూజికల్ చూస్తుండగా విన్న డైలాగు నుంచి అది పుట్టింది. షెల్లీ దాన్ని ఒక మగవాణ్ణి మనసులో పెట్టుకుని రాశాడు. కానీ పాటలో ఎక్కడా ‘అతను’ లేడు, ‘ఆమె’ లేదు. ‘నేను’, ‘నువ్వు’ అంతే. ఎవరు పాడుకున్నా సరిపోవాలని షెల్లీ కావాలనే అలా రాసేవాడు. 1981లో సొంతంగా చేసిన ‘హోమోసేపియన్’ పాటని బీబీసీ నిషేధించింది.

ఆ పాటని మనసులో తెలుగు చేసుకుంటే ఎక్కడా అడ్డం తగల్లేదు. పదిహేడేళ్ళప్పుడు నేను దొంగతనంగా దూరిన ‘నేను’ ఇక్కడ అసలు తలుపే లేని ఇల్లు. పాప్-పంక్ మొదట్లోనే ఒకడు ఇలా కట్టి పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళు గోడలు లేపుకున్నారు.

ఇప్పుడు నా ప్లేలిస్టులో బజ్‌కాక్స్, గ్రీన్ డే, పారామోర్ ఉన్నాయి. బ్లింక్-182 కూడా ఉంది, కొన్ని పాటలు తీసేసి. నాలుగో పాట లేదు. అతని మీద ఇప్పుడు కోపం లేదు. అతనికీ అప్పుడు ఇరవయ్యేళ్ళే, బాధ చెప్పుకోడానికి దొరికిన మాటలు ఆ సీడీలోవే.

సెకండియర్ అమ్మాయికి ఆ రోజు బ్యాండ్ పేరు చెప్పాను. మర్నాడు పెన్‌డ్రైవ్ తెచ్చుకుంది. “మొత్తం ఆల్బమ్ ఇవ్వక్కా” అంది. ఇచ్చాను, ఆ ఒక్క పాట తప్ప. అప్పట్లో ఎందుకు ఆపానో ఆలోచించలేదు. అంటే, ఎక్కడో నాకు తెలిసే ఉండాలి.