ప్రభువు బల్ల – పంక్తిభేదం: దక్షిణ భారత ప్రొటెస్టెంటు సంఘాల చరిత్రలో అర్హతా ప్రశ్న

భోజనపంక్తిలో ఎవరికి చోటు ఉంది అనే ప్రశ్న తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. ‘పంక్తిబాహ్యుడు’, ‘అపాంక్తేయుడు’ అనే మాటలు భోజనానికి సంబంధించినవే అయినా సాంఘిక బహిష్కృతిని సూచిస్తాయి. పలనాటి వీరగాథా సంప్రదాయంలో బ్రహ్మనాయుడి చాపకూడు ఆ బహిష్కృతికి ఎదురు నిలిచిన ఘట్టం. క్రైస్తవ సంఘంలో ఇదే ప్రశ్న ప్రభురాత్రి భోజనం వద్ద తలెత్తింది. రొట్టెను, ద్రాక్షారసాన్ని స్వీకరించే ఈ సంస్కారానికి ఎవరు అర్హులు? దక్షిణ భారతంలో ఈ ప్రశ్న ఒకసారి కులం రూపంలోను, మరొకసారి సంఘశాఖల రూపంలోను ఎదురైన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చర్చకు మూలం పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం. అక్కడి సంఘంలో కలిగినవారు ముందుగా తిని తాగి మత్తులో ఉండగా, లేనివారు ఆకలితో మిగిలారు. పౌలు మందలింపు ఈ ప్రవర్తన మీదనే. తెలుగు బైబిలులోని ‘అయోగ్యముగా’ అనే పదం గ్రీకు మూలంలోని ‘అనాక్సియోస్’ వలెనే క్రియావిశేషణం. అది తినే తీరును చెబుతుంది, తినే మనిషిని కాదు. ‘అయోగ్యుడు’ అనే అర్థంలో దానిని గ్రహిస్తే హెచ్చరిక కాస్తా మనుషులను వడగట్టే నియమంగా మారుతుంది. అయితే హద్దు లేని బల్ల తొలి సంఘంలో ఉండేదని చెప్పడానికి వీలులేదు. బాప్తిస్మం పొందినవారే ఈ భోజనంలో పాల్గొనాలని ‘డిడాకే’ అనే ప్రాచీన గ్రంథం విధించింది. ఆ హద్దు విశ్వాసానికి సంబంధించినది; పుట్టుకకు సంబంధించినది కాదు.

దక్షిణాదిలో పుట్టుక కూడా హద్దయింది. తంజావూరు ప్రాంతపు సంఘాలలో వెల్లాల క్రైస్తవులు వేరుగా కూర్చోవడం, బల్ల వద్దకు ముందుగా రావడం ఆచారంగా సాగింది. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో రాసిన లేఖలో సంఘంలో కులభేదాలను పూర్తిగా విడిచిపెట్టాలని ఆదేశించాడు. దానిని అంగీకరించని కొందరు సంఘాలనే విడిచారు. తంజావూరు క్రైస్తవ కవి వేదనాయగం శాస్త్రి వంటివారు కులాచారాలను సమర్థించారు. బాప్తిస్మం ఒకటే అయినా పంక్తి ఒకటి కాలేదని ఈ ఘటన తెలుపుతుంది.

తెలుగునాట ప్రశ్న మరో రూపం దాల్చింది. ఒంగోలు బాప్టిస్టు మిషనులో జాన్ ఎవరెట్ క్లౌ మాదిగలను చేర్చుకున్నప్పుడు, అగ్రవర్ణాల వారు దూరమయ్యారు. 1878 జూలై 3న వెలంపల్లి వద్ద ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి పంక్తిలో చోటులేనివారికి ఒక బల్ల దొరికింది. అయితే ఆ బల్లకూ తన నియమం ఉంది. విశ్వసించి, నీటిలో ముంచే బాప్తిస్మం పొందినవారికే భోజనమన్నది నాటి బాప్టిస్టుల కట్టుబాటు. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం ప్రకారం ధృవీకరణ పొందినవారు, లేదా అందుకు సిద్ధంగా ఉన్నవారు మాత్రమే అర్హులు. దీని ఫలితంగా ఒకే కులం నుంచి, ఒకే నిరాదరణ నుంచి వచ్చిన విశ్వాసులు కూడా పశ్చిమదేశాల సంఘశాఖల వివాదాల వల్ల వేర్వేరు బల్లలకు చెందినవారయ్యారు.

ఈ విభజనను సమస్యగా గుర్తించినవారిలో దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య ముఖ్యుడు. 1919లో తరంగంబాడిలో ఆయన పాల్గొన్న సమావేశం ఐక్యతా చర్చలకు నాంది పలికింది. చర్చలు 28 ఏళ్లు సాగాయి. అజరయ్య 1945లో మరణించాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, సంయుక్త సంఘాల సభ్యులలో అంతకుముందు భోజనార్హత ఉన్నవారందరినీ కొత్త సంఘం మళ్లీ పరీక్షించకుండానే అర్హులుగా స్వీకరించింది. అయినా ఐక్యత సంపూర్ణం కాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అప్పట్లో ఇందులో చేరలేదు. తెలుగు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు విడిగానే కొనసాగారు.

1950లో ఈ సంఘం రూపొందించిన ఆరాధనా క్రమంలో ఒక అంశం గమనార్హం. రొట్టె విరవడానికి ముందు, సమాధాన సూచనగా ఒకరి చేతులను మరొకరు తాకుతూ సభ అంతటికీ ఆ శుభాన్ని అందిస్తారు. సిరియన్ క్రైస్తవ సంప్రదాయం నుంచి గ్రహించిన ఈ విధి, అంటరానితనం ఉన్న సమాజంలో కేవలం ఆచారంగా మిగలదు. పక్కవాడిని తాకిన తరువాతనే బల్లను సమీపించాలన్న అర్థాన్ని అది సంతరించుకుంటుంది.

పై పరిశీలన వల్ల రెండు విషయాలు తేటపడుతున్నాయి. ఒకటి, బల్లకు ఒక హద్దు ఉండాలా వద్దా అన్నది సంఘశాఖల మధ్య నేటికీ వేదాంత చర్చగానే ఉంది. దానికి ఇరువైపులా ప్రాచీన ఆధారాలున్నాయి. రెండు, పుట్టుకను హద్దుగా చేయడానికి పౌలు పత్రికలో ఆధారం లేదు. ఒకరికోసం ఒకరు వేచి ఉండమన్నదే ఆ అధ్యాయం చివర పౌలు ఇచ్చిన ఆదేశం. ముందుగా వచ్చి తిన్న కొరింథు ధనికుడికీ, ముందుగా రావడం తన హక్కనుకున్న తంజావూరు విశ్వాసికీ ఆ ఆదేశం సమానంగా వర్తిస్తుంది. ‘అయోగ్యముగా’ తినడమంటే పక్కవాడిని అపాంక్తేయుడిగా చూస్తూ తినడమేనని ఈ చరిత్ర సూచిస్తుంది.