మళ్ళీ చెప్పిన కథ

ఏడు చేపల కథ తెలియని పిల్లలుంటారా? అయినా నూరోసారి అదే చెప్పమంటారు. చెప్పే అమ్మమ్మకూ విసుగు రాదు. ఎలా వస్తుందండీ? ఆవిడ నిన్న చెప్పినట్టు ఇవాళ చెప్పదు గదా! చేప ఎందుకు ఎండలేదు, ఆవు ఎందుకు మేయలేదు అన్నవి మారవు. అవ్వ బువ్వ పెట్టకపోవడానికి మాత్రం ఆ పూటకు తోచిన సాకు ఒకటి కొత్తగా చేరుతుంది. ఆ చేర్చడంలోనే ఉంది సంబరమంతా. అచ్చమైన కొత్త కథ అల్లడంలో నడుము విరిగే శ్రమ ఉంది. పాత కథలోనో, దూలాలు, వాసాలు ముందే సిద్ధం. ఏ గదిలో దీపం పెట్టాలన్నదే మన ఇష్టం.

ఈ సరదాను పద్యంలోకి తెచ్చి, దానితో పెద్ద పనే చేయించిన వారు గురజాడ అప్పారావు గారు. విజయనగరం పేరు చెప్పగానే ఆయన గుర్తుకొస్తారు గాని, పుట్టింది 1862 సెప్టెంబరు 21న ఎస్. రాయవరంలో, మేనమామ గారింట. ఎస్. అంటే సర్వసిద్ధి. అప్పట్లో విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ‘కన్యాశుల్కం’ నాటకం మాట అందరూ ఎత్తుతారు. నాకు మాత్రం ఆయన చివరి రోజుల్లో, యాభయ్యో పడికి అటూ ఇటూగా, వ్రాసిన కథాగేయాలంటేనే మక్కువ. ముత్యాల సరం అని తానే ఒక నడక కట్టుకుని, అందులో పాత కథలను మళ్ళీ చెప్పారు.

‘లవణరాజు కల’ చూడండి. మూలకథ యోగవాసిష్ఠంలోది. కొలువుకు ఓ గారడీవాడొస్తాడు. రాజు కళ్ళ ముందు ఓ గుర్రం నిలుస్తుంది. అది ఆయన్ని అడవిలో పడేస్తుంది. ఆకలికి తాళలేక, అన్నం తెచ్చిన చండాల కన్యను పెళ్ళాడతాడు. పిల్లలు, సంసారం, కరువు. అన్నీ అనుభవించి కళ్ళు తెరిస్తే సింహాసనం మీదే ఉన్నాడు! కొలువులో గడిచింది కాసేపే. జగమంతా మనసు చేసే మాయ అని చెప్పడానికి ఆ కథ పుట్టింది. మూలంలో ఆ పిల్ల ఆకలి తీర్చే ఓ మెట్టు, అంతే. గురజాడ ఆ మెట్టు దగ్గరే ఆగారు. రాజుకు ఆ మాలపిల్ల మీద ప్రేమ పుట్టించారు. మనిషిని కొలవవలసింది పుట్టుకతో కాదు, మంచిచెడ్డలతో అని రాజు నోటే అనిపించారు. కల కలగానే ఉంది. అందులో అన్న మాట మాత్రం మెలకువలో కూడా వెంటాడుతుంది.

‘కన్యక’ సంగతి ఇంకా గట్టిది. పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి కథ మనవాళ్ళు భక్తితో చెప్పుకుంటారు. రాజు బలవంతానికి లొంగక ఆమె అగ్నిప్రవేశం చేస్తుంది, ఆమెతో 102 గోత్రాలవారు. గురజాడ ముగింపును మార్చలేదు. నిప్పులో దూకేముందు ఆ పిల్లకు నోరిచ్చారు. ఆలుబిడ్డలను కాపాడుకోలేని మీరేం మగవాళ్ళని తనవాళ్ళనే నిలదీస్తుంది. చేతనైతే పట్టుకోమని రాజుకు సవాలు విసిరి మరీ దూకుతుంది. పూర్వం దణ్ణం పెట్టి వినే కథ, ఇప్పుడు వింటున్నవాళ్ళ తల వంచుతుంది. దేశమంతా ఆడపిల్లల పెళ్ళి వయసు గురించి వాదులాడుకుంటున్న కాలమది.

విదేశాల్లోనూ ఇదే తంతు. ఫ్రాన్సులో పెరో 1697లో అచ్చు వేసిన ఎర్రటోపీ పిల్ల కథలో తోడేలు పిల్లను మింగేస్తుంది, అక్కడితో సరి. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరుల పుస్తకానికి వచ్చేసరికి వేటగాడొచ్చి, దాని పొట్ట కోసి, బయటికి తీస్తాడు. ఆ సోదరులకు బోలెడన్ని కథలు చెప్పింది ఆడవాళ్ళే సుమండీ! పేర్లు మాత్రం అట్టమీద మగవాళ్ళవి.

గ్రిమ్ వారి వేటగాడిలాంటివాణ్ణి గురజాడ కన్యక కోసం పంపలేదేం అని నాకు చాలాసార్లు కోపం వచ్చింది. ఆయన చేతిలో కలం ఉంది, పిల్లను బతికించవచ్చు గదా? కానీ బతికిస్తే, గుడి ముందు చేతులు కట్టుకు నిల్చున్న ఆ జనం హాయిగా ఇంటికెళ్ళి భోంచేస్తారు. వాళ్ళను అలా వదలడం ఆయనకు ఇష్టం లేదు కాబోలు.

అన్నట్టు, ఈ కథ మీ ఇంట్లో పదేళ్ళ పిల్లకు చెప్పి చూడండి. “అంతమంది ఉన్నారు కదా, అందరూ కలిసి ఆ రాజునే తరిమేయొచ్చుగా?” అని అడుగుతుంది. జవాబు చెప్పకండి. ఓ కాగితం, పెన్సిలు ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళిపోండి.