ఎన్నికల ప్రచార ఆర్థిక ప్రయోజనాలు (మంచాల)

ఎన్నికల ప్రచారానికి పార్టీలు, అభ్యర్థులు పెట్టే ఖర్చు వల్ల స్థానికంగా కలిగే ఉపాధి, వ్యాపార లాభాలివి. రంగారెడ్డి జిల్లా మంచాల మండలం ఇబ్రహీంపట్నం శాసనసభ, భువనగిరి లోక్‌సభ నియోజకవర్గాల్లో ఉంది. 2023 నవంబరు 30న శాసనసభకు, 2024 మే 13న లోక్‌సభకు పోలింగ్ జరగడంతో ఆరు నెలల్లోపే ఇక్కడ రెండు ప్రచారాలు సాగాయి.

వ్యయ పరిమితి: అభ్యర్థి ఖర్చు శాసనసభకు రూ. 40 లక్షలు, లోక్‌సభకు రూ. 95 లక్షలు మించరాదు. పార్టీల ఖర్చుకు పరిమితి లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) 77వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి లెక్కలు రాయాలి. కుర్చీ అద్దె నుంచి చాయ్, టిఫిన్ దాకా అధికారులు ఖరారు చేసిన ధరలతోనే ఖర్చు లెక్కగడతారు.

లబ్ధిదారులు: టెంట్‌హౌస్, మైకుసెట్ల వాళ్లు, ఆటోడ్రైవర్లు, డప్పు కళాకారులు, వంటమాస్టర్లు, ఫ్లెక్సీ ముద్రాపకులకు చేతినిండా పని దొరుకుతుంది. జెండాలు, కండువాల ఆర్డర్లతో సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకూ ఉపాధి లభిస్తుంది.

పరిమితులు: ఈ గిరాకీ పోలింగ్‌తోనే ముగుస్తుంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) అమల్లో ఉండగా కొత్త ప్రభుత్వ పనులు మొదలుకావు. ఆ సమయంలో వెంట తీసుకెళ్లే నగదు రూ. 50,000 మించితే ఆధారాలు చూపాలి కాబట్టి పత్తి అమ్మిన రైతు చీటీ దగ్గర ఉంచుకోవాలి. ఓటుకు డబ్బు పంచడం ఉపాధి కాదు. అది ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. పనికి తగిన కూలి, రసీదు ఉన్న ఖర్చు మాత్రమే పల్లెకు నిజమైన ప్రయోజనం.