నెట్‌వర్క్ నిల్వ పెట్టెలపై డెబియన్

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో హార్డ్‌డిస్క్‌ను నెట్‌వర్క్‌కు కలిపి అందరూ పంచుకునేందుకు వాడే చిన్న పెట్టెలను నెట్‌వర్క్ స్టోరేజ్ యంత్రాలు అంటారు. వీటికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. అయినా లోపల ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పూర్తి కంప్యూటరే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ స్థానంలో డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఈ పెట్టెల్లో నడిపించే పని 2004 తరువాత ఊపందుకుంది.

దానికి దారి వేసింది లింక్‌సిస్ కంపెనీ 2004లో తెచ్చిన ఎన్‌ఎస్‌ఎల్‌యూ2. అరచేతిలో ఇమిడే ఈ పెట్టెలో ఇంటెల్ ఎక్స్‌స్కేల్ జాతి ప్రాసెసర్, 32 మెగాబైట్ల మెమరీ, 8 మెగాబైట్ల ఫ్లాష్, రెండు యూఎస్‌బీ పోర్టులు, ఒక ఈథర్నెట్ పోర్టు ఉండేవి. ఫ్యాన్ లేదు కనుక చప్పుడూ లేదు. 266 మెగాహెర్ట్జ్ వేగం అందుకోగల ప్రాసెసర్‌ను మొదట్లో 133 దగ్గరే కట్టిపెట్టి అమ్మారు. బోర్డు మీది ఒక చిన్న రెసిస్టర్‌ను తీసేస్తే పూర్తి వేగం వస్తుందని వాడకందార్లు కనిపెట్టారు. తరువాత కంపెనీయే పూర్తి వేగంతో అమ్మింది.

పెట్టెలోని ఫర్మ్‌వేర్ లినక్స్ మీద నడిచేది. లినక్స్ కెర్నల్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్స్ ప్రకారం, దాన్ని వస్తువులో పెట్టి అమ్మేవారు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. లింక్‌సిస్ తన డబ్ల్యూఆర్‌టీ54జీ రూటరు కోడ్‌ను 2003లో ఇలాగే విడుదల చేయాల్సి వచ్చింది. రూటర్లలో నడిచే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది దాని నుంచే. ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 కోడ్ కూడా బయటికి రావడంతో రాడ్ విట్‌బీ తదితరులు ఎన్‌ఎస్‌ఎల్‌యూ2-లినక్స్ ప్రాజెక్టును నడిపారు. వారి మొదటి ఫర్మ్‌వేర్ 'అన్‌స్లంగ్' కంపెనీ ఫర్మ్‌వేర్‌ను ఉంచుతూనే అదనపు ప్యాకేజీలు వేసుకోనిచ్చింది. రెండోది 'ఓపెన్‌స్లగ్'. పాత ఫర్మ్‌వేర్‌ను పూర్తిగా తీసేసి దాని చోట కూర్చునే ఇది తరువాత స్లగ్‌ఓఎస్ అయింది.

డెబియన్‌ను ఎక్కించడం అంతకన్నా కష్టం. ఫ్యాక్టరీ ఫర్మ్‌వేర్ బిగ్-ఎండియన్ పద్ధతిలో నడిచేది. ఈ పెట్టెలోని ఆర్మ్ తరహా ప్రాసెసర్లకు డెబియన్ ఇచ్చే ప్యాకేజీలన్నీ లిటిల్-ఎండియన్. ఒకే సంఖ్యను ఒకరు ఎడమ నుంచి, మరొకరు కుడి నుంచి రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పెట్టెలో ముందే ఉన్న రెడ్‌బూట్ అనే బూట్‌లోడరును కదపకుండా, దాని వెనక అపెక్స్ అనే రెండో బూట్‌లోడరును పెట్టి, అది పద్ధతిని మార్చాక కెర్నల్‌ను లేపే ఏర్పాటు చేశారు. రెడ్‌బూట్‌ను చెరిపి అది పాడైతే పెట్టె మళ్లీ లేవడం గగనం కాబట్టి ఈ జాగ్రత్త సరైనదే. తెర లేని యంత్రంలో ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు జవాబివ్వడానికి నెట్‌వర్క్ గుండా వేరే కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్లే వీలు కల్పించారు. ఈ ఇన్‌స్టాలర్ పనిలో ముఖ్యుడు మార్టిన్ మిక్ల్‌మాయర్. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0 ఎన్‌ఎస్‌ఎల్‌యూ2ను అధికారికంగా ఆదరించింది.

ఒక్క ముడి మాత్రం వీడలేదు. ఈథర్నెట్ పనిచేయాలంటే ప్రాసెసర్‌లోని నెట్‌వర్క్ ఇంజిన్లకు ఇంటెల్ ఇచ్చే మైక్రోకోడ్ కావాలి. దాని సోర్స్ బయటికి రాలేదు. స్వేచ్ఛ లేని భాగాన్ని ప్రధాన పంపిణీలో చేర్చకూడదన్నది డెబియన్ నియమం. ఫలితంగా అప్పటి అధికారిక ఇన్‌స్టాలర్‌లో నెట్‌వర్క్ పనిచేసేది కాదు. నెట్‌వర్క్ లేకుండా ఈ పెట్టెలోకి మామూలుగా వెళ్లే దారి లేదు. అందుకే మైక్రోకోడ్ కలిపిన అనధికార ఇన్‌స్టాలర్‌ను విడిగా అందించాల్సి వచ్చింది. ఇంటెల్ సొంత డ్రైవరుకు బదులు క్రిస్టియన్ హోన్‌స్టెట్, ఆ తరువాత క్రిస్టోఫ్ హవాసా స్వేచ్ఛా డ్రైవర్లు రాశారు. హవాసా డ్రైవరు 2008లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. మైక్రోకోడ్ మాత్రం మూతబడే ఉంది. డెబియన్ ఇక్కడ పట్టు సడలించకపోవడం వాడకందార్లకు ఇబ్బందే అయినా, యంత్రంలో తమది కానిది ఏదో వారికి స్పష్టంగా తెలిసింది.

తరువాతి పెట్టెలతో ఈ బాధ తప్పింది. మార్వెల్ ఓరియన్ ప్రాసెసర్‌తో వచ్చిన క్యూనాప్ టీఎస్-109, టీఎస్-209లకు అలాంటి మైక్రోకోడ్ అక్కర్లేదు. 2009 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 5.0 వాటిని ఆదరించింది. థీకస్ ఎన్2100 మీద డెబియన్‌తో పాటు ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కూడా నడిచింది.

తెలుగునేలకు డెబియన్ ఎక్కువగా డెస్క్‌టాప్ రూపంలోనే చేరింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్, ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి బాస్ లినక్స్ రెండూ డెబియన్ వంశంలోనివే. నెట్‌వర్క్ నిల్వ అవసరం ఇక్కడా ఉన్నదే. 2008లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బాసరలో మొదలైన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం విద్యార్థులకు లాప్‌టాప్‌లిచ్చి డిజిటల్ పాఠాలతో బోధన చేపట్టింది. పాఠాల వీడియోలు దగ్గరి యంత్రంలోనే ఉంటే ఇంటర్నెట్ ఆగినా చదువు ఆగదు. ఇంత పెద్ద ప్రాంగణానికి చిన్న పెట్టె చాలదు గాని, కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియోకు పెళ్లి ఫోటోలు దాచుకోవడానికి అది సరిపోతుంది.

లింక్‌సిస్ 2008లో ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 తయారీ ఆపేసింది. కొన్నేళ్లకు డెబియన్ కూడా ఆ పెట్టెను వదిలింది. అన్‌స్లంగ్‌తో పాటు పెరిగిన ఆప్ట్‌వేర్ ప్యాకేజీల పద్ధతి సినాలజీ, క్యూనాప్ యంత్రాలకు పాకింది; దాని వారసుడు ఎంట్‌వేర్ ఇప్పటికీ వాడుకలో ఉంది. 2020ల తొలినాళ్లలో స్వీడన్‌కు చెందిన లైనస్ వాలై ఈ జాతి ప్రాసెసర్ల కెర్నల్ కోడ్‌ను డివైస్ ట్రీ పద్ధతికి మార్చి తిరగరాశారు.